సోడా ఆరిన నేల

కోయంబత్తూరు
అత్త పోయిన ఐదో దినం, శనివారం

నన్ను చంకనేసుకుని పెంచిన నా పెద్దక్క ఆరాయికి,

తేన్మొళి రాస్తా ఉండాను. కాలి కట్టు ఇంగా విప్పలేదని నీ కొడుకు వినోత్ ఫోన్లో చెప్పినాడు. దిండిగల్ నుంచి రాలేకపోతినే అని ఏడ్చినావంట. ఏడవొద్దక్కా. నువ్వు వచ్చి ఉంటే నా మొగం చూసి ఏదో ఉండాదని కనిపెట్టేసేదానివి, నేను అందరి ముందర నోరు జారి ఉండేదాన్ని. రాకపోవడమే మంచిదయింది.

ఫోనుండగా ఉత్తరమేందని నవ్వుకుంటావేమో. ఈ ఇంటి గోడలు అట్టముక్కల మాదిరి. నేను ఫోనెత్తితే చాలు, మా ఆడబిడ్డ సెల్లమ్మాళ్ కూరగాయలు తరిగేది ఆపేసి చెవి ఇటు పెడతాది. తెలుగు మాట ఈ కార్పొరేషన్ ఇండ్ల లైను మొత్తానికి తెలుసు. తెలుగు అచ్చరం తెలిసింది నాకూ నీకే. గుంటూరు వైపు నుంచి వచ్చిన ఉపదేశి గుడి వరండాలో మనల్ని కూర్చోబెట్టి బైబిలు చదివించకపోయి ఉంటే, ఇప్పుడు నా కడుపులోది ఎవరికి చెప్పుకోను? తప్పులుంటే ఆయన్ని తిట్టుకో, నన్ను కాదు.

మంగళవారం మధ్యాహ్నం అత్త పోయింది. పక్షవాతం వచ్చి రెండు నెలలు. నోట మాట పడిపోయింది, ఎడమ కాలు ఈడ్చుకుంటా గోడ పట్టుకుని నడిచేది. ఆ పొద్దు నీ మరిది వ్యాను తోలుకుని పోయినాడు, బిడ్డ ఇందుజ స్కూలుకు పోయింది, నేను ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతకతా ఉన్నాను. ఒంటి గంటకి వచ్చి చూస్తే హాల్లో చాప మీద నిద్రపోయిన మాదిరే ఉండింది. మీద ఈగ కూడా లేదు. లైను లైనంతా వచ్చి ఏడ్చింది. 'రక్కమ్మాళ్ మాదిరి మనిషి ఇంగ పుట్టదు' అని ఒకటే పొగడ్త. చచ్చినోళ్ళ కండ్లు చేరెడంట, ఊరికే అన్నారా!

ఆమె సంగతి నీకు తెలుసు కదా. ముప్పై ఏండ్లు కార్పొరేషన్ చీపురు పట్టింది, సాక్కడలో దిగి చేత్తో మురుగు తీసింది. సీసా పెంకు గుచ్చుకుని కుడికాలి చిటికెన వేలు తీసేసినా మూడో వారానికి మళ్ళీ అదే కాలవలో దిగిన మనిషి. ఆమెకి దేవుడంటే మారియాత్త ఒకటి, సలవ సోడా ఒకటి. బిస్కెట్ డబ్బాలో తెల్లగా ఉప్పు మాదిరి ఉండే ఆ సోడా లేకుండా ఒక్క దినం గడిచేది కాదు. అండాలో నీళ్ళు కాచి రెండు గుప్పిళ్ళు వేసి, కట్టెతో కలియబెట్టి దుప్పట్లు ముంచేది. జిడ్డు బాణలికి సోడా. పొయ్యి గట్టుకి సోడా. బాత్రూం తూములో సోడా పోసి పైన మరిగే నీళ్ళు. నేల తుడిచేదానికీ అదే. నేను కాపురానికి వచ్చిన వారంలోనే పాఠం మొదలు. 'పట్టుకి చూపొద్దు, ఉన్నికి చూపొద్దు, అల్యూమినియం గిన్నెకి చూపితే నల్లబడతాది, మిగతా లోకానికంతా చూపొచ్చు.' 'నీ కొడుక్కి చూపొచ్చా అత్తా' అని నేను నవ్వితే ఆమె నవ్వలేదు. నా చేతిలోని గిన్నె లాక్కుని మళ్ళీ తోమింది.

ఆమె నన్ను తిట్టలేదక్కా, కొట్టలేదు. నా దగ్గర అన్నం తినింది. కానీ మాదొక హాలు, వంటిల్లు, ఒకే గది. ఆ గదిలో నేనూ నీ మరిదీ బిడ్డా. ఇందుజ పుట్టి పదహారేండ్లు. ఈ పదహారేండ్లలో ఆమె నా గది గడప దాటలేదు. బిడ్డని ఒక్కసారి ఎత్తుకోలేదు. నేను కిరస్తానం వేదంలో పుట్టినదాన్నని, గోడకి ఏసు పటం ఉండాదని, కొడుకు ప్రేమించి కట్టుకున్నాడని ఆమెకి నేనంటే అంటు. నేను బయటికి చెప్పలేదు. చెప్పి ఏం లాభం? లోపలే ఉడికినాను.

అసలు రాయాలనుకున్నది ఇంగా రాయలేదు. వీళ్ళలో ఒక వాడుక ఉండాది. మూడో దినం మిట్టమధ్యాహ్నం, పోయినోళ్ళు పడుకున్న చోట చేటలో బియ్యప్పిండి పలచగా పరిచి, అందరూ బయటికి పోయి తలుపు వేస్తారు. కాసేపటికి తెరిచి చూస్తే పిండిలో గుర్తు పడి ఉంటాదంట. పాదం వాకిలి వైపు తిరిగి ఉంటే మనసు నిండి పోయినట్టు. లోపలికి తిరిగి ఉంటే ఎవరి మీదో పట్టుగా ఉన్నట్టు. గురువారం సెల్లమ్మాళ్ చేట పెట్టింది. తెరిచి చూస్తే ఎట్లా పరిచిన పిండి అట్లే ఉంది. చీమ కూడా తొక్కలేదు. 'అమ్మ సెలవు తీసుకోను రాలేదంటే ఇంగా ఇంట్లోనే ఉండాది' అని తేల్చింది మహాతల్లి. పదహారో దినం కరుమాది కర్మలు అయ్యేదాకా అమ్మ చేసిన మాదిరే రోజూ సోడాతో ఇల్లు తుడవాలని నాకు హుకుం. అత్తకి ఒళ్ళు బాగలేని రెండు నెలలు నేను అంగడిలో దొరికే ఫినాయిల్‌తో తుడిచినాను, అది కూడా ఒక తప్పు.

నిన్న పొద్దున తుడిచినాను. పన్నెండు గంటలకి నేల బాగా ఆరినాక సెల్లమ్మాళ్ కేక వేసింది. ఎర్ర గచ్చు మీద తెల్ల అడుగులక్కా. ముగ్గుపిండి అద్దిన మాదిరి. వెనక తలుపు దగ్గర మొదలై హాల్లో నడిచి వచ్చి నా గది గడప ముందర ఆగినాయి. రెండు పాదాలూ పక్కపక్కన, గదిలోకి తిరిగి. కుడిపాదానికి చిటికెన వేలు లేదు.

ఈ పొద్దు కూడా వచ్చినాయి. ఇంగ ఆపుతాను. లాండ్రీలో నాతో పనిచేసే వళ్ళి దీన్ని పోస్టులో వేస్తాది. నువ్వు చదివి చించెయ్యి.

నీ చెల్లి
తేన్మొళి


కోయంబత్తూరు
పదో దినం, గురువారం

అక్కా, నా అమ్మ పోయినాక నాకు అమ్మవైనదానా,

'సోడా పొడి ఎవురో తొక్కి ఉంటారు, గట్టిగా కడిగి చూడు' అని వినోత్‌తో ఫోన్లో చెప్పించినావే, నువ్వు చెప్పకముందే చేసినాను. నేను చెయ్యకుండా ఉంటానా? ఆదివారం అందరినీ వీధిలోకి పంపి, సోడా ఇంగో గుప్పెడు ఎక్కువ వేసి, చీపురు పెట్టి గీకి గీకి తుడిచినాను. వెనక తలుపు గడియ పెట్టి, ముందర తలుపు కూడా వేసి, గదిలో మంచం మీద కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చున్నాను. ఈ పొద్దు తేల్చుకుందాం, వస్తే మొగం చూసి అడుగుదామని. ధైర్యం కాదు, ఒళ్ళు మంట.

ఎవరూ రాలేదక్కా. గాలి లేదు. నేల అంచుల నుంచి ఆరతా వచ్చింది. గడప ముందర తడి ఆరంగానే మొదట మడమ తెల్లబడింది. తర్వాత పాదం బయటి అంచు. తర్వాత వేళ్ళు, ఒకటి, రెండు, మూడు, నాలుగు. పక్కన ఇంగో పాదం, ఐదు వేళ్ళతో. నా కండ్ల ముందరే. మనిషి లేదు, అడుగు మాత్రం లోపల నుంచి పైకి వస్తా ఉంది. ఏసప్పా అనుకుంటా మంచం పట్టెని గట్టిగా పట్టుకున్నాను. అవి నన్నే చూస్తా నిలబడినట్టుండింది. పాదాలకి కండ్లు ఉంటాయా అని నువ్వు అడగొచ్చు. ఆ పొద్దు ఉండినాయి.

సోమవారం నుంచి ఇందుజకి జొరం. నూట మూడు. డాక్టరు చూసి ఊళ్ళో తిరిగే జొరమే అని మాత్రలిచ్చినాడు. కానీ సెల్లమ్మాళ్‌కి డాక్టరు చెప్పేది చెవికెక్కుతుందా? 'అమ్మ ఎవరి గది ముందర నిలబడిందో చూస్తిరి కదా. లోపలికి తిరిగి నిలబడితే లోపల ఉన్నోళ్ళని పిలుచుకుని పోతాది' అని హాల్లో అందరికీ వినబడేట్టు చెప్పింది. నేను ఊరుకుంటానా? 'నీ అమ్మ బతికుండగా నువ్వు పళని నుంచి ఎన్నిసార్లు వచ్చి చూసినావు వదినా? కట్టుకున్న చీర మీద రెండుసార్లు. ఇప్పుడు మాత్రం ఆమె మనసులోది నీకెట్లా తెలుస్తాది' అని అడిగేసినాను. ఆమె తెల్లబోయింది. కానీ నీ మరిది నన్ను చూసిన చూపు, అక్కా! నన్ను కొట్టి ఉంటే బాగుండు. ఆ దినం నుంచి నేను వడ్డిస్తే 'ఆకలి లేదు' అంటాడు. వాళ్ళక్క వడ్డిస్తే తింటాడు. పద్దెనిమిదేండ్ల కాపురంలో నా చేతి అన్నం కాదనింది ఇదే మొదలు.

అందరి మీదా అరుస్తా ఉండాను కానీ, సెల్లమ్మాళ్ చెప్పేది నిజమేనని నాకు తెలుసు. ఆమెకి పట్టు ఉండాల్సింది నా మీదే. ఎవరికీ చెప్పనిది నీకు చెప్తాను.

ఆ మంగళవారం పొద్దున గదిలో ఇందుజకి జడ వేస్తా ఉన్నాను. ఇద్దరికీ టైమైపోయింది. అత్త గోడ పట్టుకుంటా వచ్చి గడప ముందర నిలబడింది. నోట మాట లేదు కదా, బాగున్న చెయ్యి పైకెత్తి ఏదో అనబోయింది. గొంతులో గురగుర. నాకు పదహారేండ్ల మంట ఒక్కసారిగా పొంగింది. లోపలికి రాదు, బిడ్డని ముట్టుకోదు, ఈ వాకిట్లో మాత్రం కాపలా! 'మమ్మల్ని చూసి కండ్లల్లో నిప్పులెందుకు పోసుకుంటావు? రావాలంటే లోపలికి రా, లేదంటే పో' అని, ఆమె మొగం మీదే తలుపు ధనామని వేసేసినాను. ఇందుజ 'ఏందమ్మా' అనింది. 'నోరు మూసుకుని తల వంచు' అన్నాను. మేము గదిలో నుంచి వంటింట్లోకి ఉండే తలుపు గుండా బయటపడినాము. ఆమెని మళ్ళీ చూడలేదు. ఒంటి గంటకి పీనుగనే చూసినాను.

ఆమె ఆ తలుపు ముందర ఎంతసేపు నిలబడిందో నాకు తెలియదు. ఆ నిలబడింది ఇంగా కదల్లేదక్కా. నాకు భయం నా కోసం కాదు. ఇందుజ నిద్రలో పెదాలు కదిలిస్తా ఉంది. వంగి చెవి పెడితే 'పాట్టీ' అని నాయనమ్మని పిలుస్తా ఉంది. బతికుండగా ఆమె దీన్ని ముట్టుకున్నది లేదు, ఇప్పుడు పాట్టీ ఏంది?

ప్రార్థన చెయ్యి. గట్టిగా చెయ్యి.

తేన్మొళి


కోయంబత్తూరు
పదమూడో దినం, ఆదివారం

అక్కా,

చిన్నదే రాస్తాను. జొరం తగ్గతాది, మధ్యాహ్నానికి మళ్ళీ ఎక్కతాది. సరిగ్గా ఆ అడుగులు తేలే వేళకే. నాలుగు దినాలుగా ఇదే వరస.

నిన్న నీ మరిది నన్ను వెనకాల బట్టలుతికే బండ దగ్గరికి పిలిచినాడు. మొగం చూడకుండా చెప్పినాడు. 'కరుమాది కాంగానే నువ్వు కొన్ని దినాలు దిండిగల్ పోయి ఉండు. అక్క చెప్తాది, అమ్మ ఎవరి మీద పట్టుగా ఉందో ఆ మనిషి ఇల్లు దాటితే ఆమె కూడా దాటిపోతాదంట.' 'మరి ఇందుజ?' అన్నాను. 'దానికి ప్లస్ ఒన్ పరీక్షలు. ఈడే ఉంటాది. అక్క చూసుకుంటాది' అన్నాడు. 'ఎన్ని దినాలు?' అన్నాను. ఆయన కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. పావం, చెడ్డోడు కాదు. బిడ్డ మంచం మీద ఉంటే ఎవరు చెప్పినా నమ్మబుద్ధి అవుతాది. నాకే నమ్మబుద్ధి అవుతా ఉంటే ఆయన్ని ఏమనను?

నేను అరుస్తాననుకున్నాడు. సరే అన్నాను. అంతే, నోరెత్తలేదు. నీ చెల్లెలు నోరెత్తలేదంటే నమ్ముతావా?

పొద్దున సంచి సర్దుకున్నాను. నాలుగు చీరలు, బైబిలు, అమ్మ ఫొటో. నేను చేసిన పనికి నా బిడ్డ ఎందుకు పోవాలి? తలుపు వేసింది నేను. ఆమె నా వెనకే వస్తాదంటే రానీ, బస్సెక్కి దిండిగల్ దాకా రానీ, నేను మోసుకుంటాను. కొన్ని దినాలు కాదక్కా, నేను మళ్ళీ ఈ గడప తొక్కను. తొక్కితే ఆమె కూడా నాతో వస్తాది కదా. బిడ్డని దూరం నుంచే చూసుకుంటాను. స్కూలు గేటు దగ్గర నిలబడి చూస్తాను. బిడ్డ బాగుంటే చాలు. గురువారం సాయంత్రం బస్సుకి వస్తాను. నీ కాలు నేను చూసుకుంటాను, నీకు అక్కరకి వస్తాను, బరువుగా ఉండను.

అడుగులు ఈ పొద్దు ముందుకంటే తెల్లగా ఉండినాయి. సోడా ఎక్కువ వేసేకొద్దీ తెల్లగా తేలతా ఉండాయి.

తేన్మొళి


కోయంబత్తూరు
పదిహేడో దినం, గురువారం

నా కన్నక్కా,

ఈ సాయంత్రం బస్టాండుకి రావొద్దని వినోత్‌కి ఫోన్లో చెప్పేసినాను. నేను రావడం లేదు. భయపడొద్దు, బిడ్డ బాగుంది. కానీ నువ్వు కూర్చుని చదువు, నీళ్ళు పక్కన పెట్టుకో.

మంగళవారం, అంటే పదిహేనో దినం, మారియమ్మ వచ్చింది. నీకు గుర్తుండదు. అత్తతోపాటు ఒకే వీధిలో ఇరవై ఏండ్లు చీపురు పట్టిన ఆవిడ, మా వెనక లైన్లో ఉంటాది. పొల్లాచ్చిలో కూతురి పురుడికి పోయి అప్పుడే దిగింది. చావుకి అందలేదని ఏడుస్తా వచ్చింది. సరిగ్గా పన్నెండు. నేల ఆరింది, అడుగులు తేలినాయి. సెల్లమ్మాళ్ ఆవిడ చెయ్యి పట్టి 'చూడు పెద్దమ్మా, అమ్మ మా మీద ఎట్లా పగబట్టి నిలబడిందో' అని చూపించింది.

మారియమ్మ వంగి చూసింది. ఆ కుడిపాదం మీద అరచెయ్యి పెట్టింది. భయపడుతుందనుకున్నాను. ఆమె నవ్వి, నవ్వుతానే ఏడ్చింది. 'ఏమ్మా, ఈ ఇంట్లో ఇంతమంది ఉండారు, మా రక్కు నిలబడిన చోటు ఎవరికీ తెలియదా?' అనింది. తర్వాత నన్ను చూసి, 'సోడా నీళ్ళతో తుడిచినాక మంచినీళ్ళతో మళ్ళీ తుడిచినావా?' అని అడిగింది. లేదన్నాను. ఇంటి నిండా మనుషులు, పని తెమలక ఒక్కసారే తుడిచేదాన్ని. 'అదే మరి. మీ అత్త రెండుసార్లు తుడిచేది. సోడా వదిలేస్తే ఎండి తెల్లగా పైకొస్తాది. గచ్చు నునుపు పోయిన చోట ఎక్కువ తాగుతాది, అక్కడే ఎక్కువ పూస్తాది.'

'నునుపు ఈ చోటే ఎందుకు పోయింది పెద్దమ్మా?' అన్నాడు నీ మరిది.

అప్పుడు చెప్పింది అక్కా. అత్త డ్యూటీ దిగి పన్నెండు గంటలకి ఇల్లు చేరేదంట. వెనకాల బండ మీద బకెట్టు సోడా నీళ్ళు పెట్టుకుని మోకాళ్ళ దాకా కాళ్ళు, మోచేతుల దాకా చేతులు కడిగేదంట. ఒకసారి కాదు, మూడుసార్లు. అవే తడికాళ్ళతో హాల్లో నడిచి వచ్చి నా గది గడప ముందర నిలబడేదంట. ఉయ్యాల్లో బిడ్డని చూసేది. పెద్దదయినాక మంచం మీద నిద్రపోయే బిడ్డని చూసేది. నేను డ్యూటీలో ఉంటాను, అప్పటికే చీపురు పని మానేసిన మారియమ్మే ఇందుజని చూసుకునేది, ఆమె కండ్లారా చూసింది. రోజూ అదే చోటు, అవే సోడా కాళ్ళు. రిటైరయినాక కూడా మానలేదంట. గచ్చు రంగు తినేసి పాదాలు దిగిపోయినాయి. 'లోపలికి పోయి ఎత్తుకోవే అంటే వినేది కాదు. నేను దిగిన కాలవలు నీకు తెలుసు కదా మారీ, ఆ వాసన సోడాకి కూడా పోదు, బిడ్డకి అంటుకుంటాది అనేది' అనింది.

నేను గోడకి ఆనుకుని నిలబడినాను. 'మరి నాతో ఒక మాట చెప్పొచ్చు కదా' అన్నాను. మారియమ్మ నా వైపు చూడకుండా కొంగుతో కండ్లు తుడుచుకుంటా ఉంది. ఏదో దాస్తా ఉందని తెలిసింది. 'చెప్పు పెద్దమ్మా, చెప్పకపోతే నేను చస్తాను' అని ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాను.

'పురిటి మంచం మీద నీకు జొరం తల్లీ. తెలిసి చేసింది కాదు' అని మెల్లగా మొదలుపెట్టింది. 'బిడ్డ పుట్టిందని కబురొస్తే రక్కు కాలవలో నుంచి అట్లే పరిగెత్తుకుని వచ్చింది. సంతోషంలో కాళ్ళు కూడా కడుక్కోలేదు. చేతులు చాపి గదిలోకి వస్తే నువ్వు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, బిడ్డని అటు తిప్పేసుకున్నావు. అంతే. నిన్ను ఒక్క మాట అనలేదు. పిల్ల చేసింది న్యాయమే అనింది. ఆ దినం గడప దాటి వెనక్కి వచ్చిన మనిషి మళ్ళీ దాటలేదు.'

అక్కా, నాకు గుర్తుంది. జొరంలో అని ఆవిడ అనింది కానీ నాకు బాగా గుర్తుంది. వాసన గుర్తుంది, కొంగు ముక్కుకి పెట్టుకోవడం గుర్తుంది. ఆమె మొగం మాత్రం గుర్తు లేదు, చూడలేదు కాబట్టి. దాన్ని అట్లే మరిచిపోయి, పదహారేండ్లు ఆమె నన్ను అంటుగా చూస్తా ఉందని నీకు ఎన్నిసార్లు చెప్పుకుని ఏడ్చినాను! మన నాయన ఆరోగ్యసామి పచ్చితోళ్ళ వాసనతో తోలు షాపు నుంచి వస్తే దిండిగల్ బస్సులో పక్కన ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. మనం పరిగెత్తుకుని పోయి మెడకి వేలాడేవాళ్ళం కదా. ఆ ఇంట్లో పుట్టిన నేను ముక్కు మూసుకున్నానక్కా. ఇంగెవరో చేసి ఉంటే రాళ్ళతో కొట్టేదాన్ని.

తాను పోయిన ఆ మంగళవారం పొద్దున ఆమె చెయ్యెత్తింది శపించడానికి కాదు. బిడ్డకి జడ వేస్తా ఉంటే చూడను వచ్చింది. నేను తలుపు వేసేసినాను. ఇది నాతోనే మట్టిలోకి వస్తాది, నువ్వు ఏం చెప్పినా పోదు.

ఆ పొద్దే ఇందుజ మంచం దిగి వచ్చింది. జొరం లేదు, ఆకలంటా ఉంది. సంగతంతా విని, 'సోడియం కార్బొనేట్ అమ్మా, నీళ్ళు ఆరితే ఉప్పు పైకొస్తాది, లాబులో చూసినాము' అని చదువు ఒలకబోసింది. బకెట్టుతో మంచినీళ్ళు తెచ్చి తనే తుడిచింది. మరుసటి దినం ఒక్క అడుగు లేదు. కరుమాది నిమ్మళంగా జరిగింది. సెల్లమ్మాళ్ నా చేతులు పట్టుకుని 'పిచ్చిదాన్ని, ఏమేమో అన్నాను. అమ్మని చూడను రాని పాపం నన్ను అట్లా మాట్లాడించింది' అని ఏడ్చింది. ఆమెతో కలిసి నేనూ ఏడ్చినాను. నీ మరిది నా సంచిలో నుంచి చీరలు తీసి తనే బీరువాలో పెట్టినాడు, మడత ఒక్కటీ సరిగ్గా లేదు. రాత్రి నా ముందర కూర్చుని 'అన్నం పెట్టవే' అన్నాడు.

ఈడితో ఆగిపోయి ఉంటే నీకు మంచి ఉత్తరం అయ్యుండేది. ఈ పొద్దు జరిగింది ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, నీకే చెప్తా ఉండాను.

పొద్దున సెల్లమ్మాళ్‌ని పళని బస్సెక్కించడానికి నీ మరిది పోయినాడు. ఇందుజ ఇంగా నీరసంగా ఉందని స్కూలుకి పంపలేదు, గదిలో నిద్రపోతా ఉంది. నేను బకెట్టులో సోడా కలిపినాను. ఒక్కసారే తుడిచినాను, మంచినీళ్ళు ముట్టలేదు. హాలు తుడిచి, గడప తుడిచి, నా గది కూడా మంచం కింద దాకా తుడిచినాను. గది నేల రోజూ తుడిచేదే, ఎప్పుడూ అందులో ఏమీ తేలలేదు. ఆ గచ్చు పెళ్ళినాటి నునుపులోనే ఉంది. తర్వాత తలుపు రెండు రెక్కలూ గోడకి ఆనేట్టు తెరిచి, గడప ముందర నిలబడి నోరు తెరిచి అడిగినాను. 'అత్తా, నాదే తప్పు. లోపలికి రా. బిడ్డ నీదే' అన్నాను. బయటి తలుపు తాళం వేసుకుని డ్యూటీకి పోయినాను.

ఒంటి గంటకి వచ్చి తాళం తీసినాను. హాల్లో అడుగులు మామూలుగానే తేలి ఉన్నాయి. వాటి వెంట నడిచినాను. గడప ముందర ఆ జంట పాదాలు. నేను అక్కడే ఆగిపోయేదాన్ని. కానీ గడపకి అవతల, గది లోపల, ఎర్ర గచ్చు మీద ఇంగో అడుగు ఉంది. దాని ముందర ఇంగొకటి. పలచగా, భయం భయంగా పెట్టిన మాదిరి, వేళ్ళే ఎక్కువ, మడమ సరిగ్గా ఆనలేదు. నాలుగు అడుగులు, ఇందుజ తలకాడికి. అక్కడ మంచానికీ గోడకీ మధ్య సందు చాలా ఇరుకు. రెండు పాదాలూ ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు, ఒదిగి నిలబడి ఉన్నాయి.

బిడ్డ పక్కకి తిరిగి హాయిగా నిద్రపోతా ఉంది. నుదురు ముట్టుకుంటే చల్లగా ఉంది. జడ ఊడదీసి ఉండినదాన్ని పొద్దున అట్లే వదిలేసి పోయినాను. ఇప్పుడు జుట్టంతా చెవి వెనక్కి దువ్వినట్టు సర్ది ఉంది. అదే సర్దుకుందో ఏమో, లేపి అడగలేదు.

నాకు భయం వేయలేదక్కా, ఏసప్ప సాక్షి. బిడ్డ లేవకుండా మంచాన్ని మెల్లగా ఒక జానెడు ఇవతలికి జరిపి, ఆమె నిలబడేదానికి చోటు చేసినాను.

ఇంగ ఎవరి మీదా మంట లేని నీ చెల్లి
తేన్మొళి